నవ్వు ఆపకు, రోవీనా

ఆ మధ్యాహ్నం మిల్‌బర్న్ లూథరన్ చర్చి కింది గదిలో కాఫీ వాసనా, తడిసిన ఉన్ని కోట్ల వాసనా కలిసిపోయి ఉన్నాయి. బయట మంచు పడుతోంది. మడత కుర్చీల్లో ఆడవాళ్లు అల్లికలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను ప్రొజెక్టర్‌కి రీలు ఎక్కిస్తున్నాను. పాస్టర్ గారి భార్య కిటికీలకు నల్లగుడ్డలు కట్టి నా వైపు తిరిగింది.

"ఈ చీకటి చాలా లోర్నా? ఇంకా కావాలా?"

"చాలండి. కేకు ఎవరు రెండోసారి తీసుకున్నారో కనపడకపోతే చాలు," అన్నాను. అందరూ నవ్వారు.

అదే నా ఉద్యోగం. నా భర్త యుద్ధంలో పోయాక హాల్‌క్విస్ట్ కంపెనీ వాళ్లు నన్ను పనిలోకి తీసుకున్నారు. గుడ్డల మీద మరకలు పోగొట్టే స్పార్లీన్ అనే మందు వాళ్లది. చూడ్డానికి నీళ్లలా ఉంటుంది, తియ్యటి వాసన వేస్తుంది. నేను ఒహాయో అంతటా ఊరూరా తిరిగి, మహిళా సంఘాల్లోనూ బడుల్లోనూ కంపెనీ తీయించిన చిన్న సినిమా వేసేదాన్ని. సినిమా అయ్యాక ఎవరి భర్త టై మీదో ఉన్న మరకని అందరి ముందూ తీసి చూపించేదాన్ని. యుద్ధం తర్వాత ఆ రోజుల్లో ప్రతి పెద్ద కంపెనీ ఇలాంటి సినిమాలు తీయించేది. పళ్లు ఎలా తోముకోవాలి, పొయ్యి ఎలా వెలిగించాలి, అన్నీ ఉండేవి. జనం వాటిని ప్రకటన అనుకునేవారు కాదు. బడిలో పాఠంలా శ్రద్ధగా చూసేవారు.

మా సినిమా పేరు ‘మెరిసే ఇల్లు’. గళ్ల ఏప్రన్ కట్టుకున్న ఒకావిడ వంటింటి కర్టెన్లు దించి, వెడల్పాటి బేసిన్‌లో స్పార్లీన్ పోసి, గుడ్డ ముంచి మరకలు తుడుస్తుంది. వెనకాల సంగీతం. ఒక మగ గొంతు తీరిగ్గా చెబుతూ పోతుంది: "చూశారా, ఈ కాలపు ఇల్లాలికి అలసటన్నది లేదు." ఆవిడ ఒక్క మాట మాట్లాడదు. మొదటి నుంచి చివరిదాకా నవ్వుతూనే ఉంటుంది. మా వీధి పోస్ట్‌మాన్ ముఖం ఎంత పరిచయమో ఆ నవ్వు నాకంత పరిచయం. కానీ ఆవిడెవరో నాకు తెలీదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు.

ఆ రోజు సినిమా అయిపోయి, దీపాలు వేసి, నేను స్పార్లీన్ సీసా మూత తీయబోతుంటే ముందు వరసలోంచి ఒకావిడ లేచింది. ఎముకలు తేలిన మనిషి, మగవాళ్ల కోటు తొడుక్కుంది.

"మూత తియ్యకండి," అంది.

"ఏం? వాసన పడదా?"

"ఆ సినిమాలో ఉన్నావిడ పేరు మీకు తెలుసా?"

తెలీదన్నాను.

"రోవీనా ట్రాస్క్. మా అక్క. ఇది తీసిన వారానికే చచ్చిపోయింది."

గదిలో కప్పుల చప్పుడు ఆగిపోయింది. పాస్టర్ గారి భార్య గబగబా వచ్చి, "ఓపల్, ఇది సమయం కాదమ్మా," అని ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఓపల్ విదిలించుకుంది.

ఆ తర్వాత బల్లలు సర్దుతున్నప్పుడు నా దగ్గరికి తనే వచ్చి మిగతాది చెప్పింది. ఎండాకాలంలో తీశారట. వెలుతురు మారకూడదని వంటింటి కిటికీలకి బయట్నుంచి చెక్కలు కొట్టేశారు. లోపల పెద్ద పెద్ద దీపాలు. ఆ వేడికి బేసిన్‌లో మందు ఆవిరైపోతుంటే మళ్లీ మళ్లీ పోశారు. తల పగిలిపోతోందని రోవీనా అంటే, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అన్నారు. ఇంటికొచ్చాక వాంతులు. కళ్లు పచ్చబడ్డాయి. తర్వాత ఒంట్లోంచి చుక్క నీరు బయటికి రాలేదు.

"కంపెనీ డాక్టరొచ్చి, తాగుడు వల్ల కాలేయం పోయిందని రాసిచ్చాడు," అంది ఓపల్. "మా అక్క పెళ్లిలో కూడా వైన్ ముట్టలేదండీ. కానీ ఊరు నమ్మింది. ఆవిడ మొగుడే నమ్మాడు. సమాధి మీద రాయి కూడా వెయ్యకుండా ఊరొదిలి పోయాడు. ఇక్కడ కూర్చుని మీ సినిమా చూసి కేకు తిన్నవాళ్లే, ఆవిడ శవపేటిక వెనక నడవలేదు."

ఓపల్ కోటు గుండీలు పెట్టుకుంటూ గొంతు తగ్గించింది.

"చిన్నప్పుడు బడిలో ఓ మేష్టారు, చాక్‌పీసులు దొంగిలించావని మా అక్కని అందరి ముందూ అన్నాడు. అక్క తియ్యలేదు. రోజూ సాయంత్రం వెళ్లి ఆయన వాకిట్లో నిలబడేది. వానలో కూడా. ఒక్క మాట అనేది కాదు, ఊరికే చూసేది. చివరికి ఆయనే బయటికొచ్చి, తప్పయిపోయింది తల్లీ, ఇంటికి పో అన్నాడు. తన మీద అబద్ధం చెబితే అక్క వదిలే రకం కాదు."

ఆ రోజు నేను సీసా మూత తియ్యలేదు.

ఆ తర్వాతి వారం ఒక హైస్కూల్లో ఆడపిల్లల క్లాసుకి సినిమా వేశాను. పట్టపగలు. తెరలు దించితే గదిలో చీకటి. ప్రొజెక్టర్ టకటకమంటోంది. నేను ఈసారి ఆవిడ ముఖమే చూస్తూ కూర్చున్నాను. మామూలుగానే ఉంది. కర్టెన్లు దించింది. మందు పోసింది. మగ గొంతు, "అలసటన్నది లేదు," అంది.

ఆవిడ నవ్వలేదు.

ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వింది. నవ్వాక కూడా కళ్లు మన వైపు లేవు. పక్కకి తిరిగాయి. కెమెరా పక్కన ఎవరైనా నిలబడి ఉంటే, సరిగ్గా వాళ్ల వైపు.

నా మనసే అలా చూపిస్తోందేమో అనుకున్నాను. అప్పుడు తియ్యటి వాసన తగిలింది. నా పెట్టె కారులో ఉంది, సీసాలన్నీ అందులోనే. అయినా వాసన చిక్కగా, గొంతులో జిగురులా పట్టుకుంది. వెనక వరసలో ఓ పిల్ల, "టీచర్, తల తిరుగుతోంది," అంటూనే బెంచీ మీదికి ఒరిగిపోయింది. నేను లేచి కిటికీలన్నీ తెరిచాను. వెలుగు పడి తెర వెలిసిపోయింది. కానీ ఆ వెలిసిన బొమ్మలో కూడా నాకు కనిపించింది. రోవీనా బేసిన్ వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్లింది. పైకి జరిపి తెరిచే రెక్కని రెండు చేతులతో లాగుతోంది. రావట్లేదు. లాగుతోంది. ఆ సినిమాలో అలాంటి దృశ్యం లేదు.

ప్రొజెక్టర్ ఆపేశాను. తెర మీద బొమ్మ పోయింది. స్పీకర్లోంచి మాత్రం ఒక మగవాడి గొంతు, సినిమాలో మాట్లాడే గొంతు కాదది, విసుగ్గా, దగ్గరగా వినిపించింది.

"నవ్వు ఆపకు, రోవీనా."

క్లాసులో పిల్లలు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. "ఎవరు మేడమ్ ఆయన?" అని ఒక పిల్ల అడిగింది. అంటే అందరూ విన్నారన్నమాట.

మర్నాడే హాల్‌క్విస్ట్ ఆఫీసుకి వెళ్లాను. ప్రకటనల విభాగానికి పెద్ద ఓర్విల్ స్టాడ్లర్. ఆ సినిమా తీయించింది ఆయనే. డెట్రాయిట్ నుంచి ఫెన్నిమోర్ అనే డైరెక్టర్ని పిలిపించింది కూడా ఆయనే. స్టాడ్లర్ చర్చిలో పెద్ద మనిషి. మద్యం ముట్టకూడదని ఆదివారాలు కుర్రాళ్లకి ఉపన్యాసాలిచ్చేవాడు. నేను చెప్పిందంతా బల్ల మీద వేళ్లు వాయిస్తూ విన్నాడు.

"నువ్వు ఒక్కదానివే ఎక్కువ దూరాలు కారు నడుపుతున్నావు లోర్నా. పెళ్లి చేసుకో, ఇలాంటివి కనపడవు."

"పిల్ల పడిపోయింది సార్. గొంతు అందరూ విన్నారు. ఆ సినిమాలన్నీ వెనక్కి తెప్పించండి. మందు కూడా ఒకసారి ఎవరిచేతనైనా పరీక్ష చేయించండి."

"ఆ ట్రాస్క్ మనిషి సంగతి నీకెవరో నూరిపోశారు. అది తాగుబోతు. డాక్టరు రాశాడు."

"షూటింగప్పుడు మీరక్కడ ఉన్నారా?"

"ఒక్క రోజు కూడా వెళ్లలేదు," అన్నాడు వెంటనే. తర్వాత లేచాడు. "సరే పద. సినిమా నా ముందు వెయ్యి. నేనూ చూస్తాను ఆ దెయ్యాన్ని. తర్వాత నువ్వు ఇంటికెళ్లి వారం రోజులు పడుకో."

సినిమా గది ఆఫీసులో మూడో అంతస్తులో ఉండేది. కిటికీల్లేని గది. గోడలకి చప్పుడు పీల్చే మెత్తటి పలకలు, నేల మీద తివాచీ. తలుపు మూస్తే బయటి టైపు మిషన్ల చప్పుడు ఒక్కసారిగా తెగిపోయింది. స్టాడ్లర్ ముందు వరసలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. నేను రీలు ఎక్కించి దీపం తీసేశాను.

సంగీతం మొదలైంది. వంటిల్లు. గళ్ల ఏప్రన్. అంతా ఎప్పటిలాగే ఉంది. స్టాడ్లర్ వెనక్కి తిరక్కుండానే, "ఏదీ మరి? పాపం సిగ్గుపడుతోందేమో," అన్నాడు.

రోవీనా బేసిన్‌లో మందు పోసింది.

సంగీతం ఆగిపోయింది.

స్పీకర్లోంచి, మందు పోస్తున్న చప్పుడు వచ్చింది. ఆ సినిమాకి చప్పుళ్లు రికార్డు చెయ్యలేదు... సంగీతం, మగ గొంతు, అంతే. ఇప్పుడు అన్నీ వినిపిస్తున్నాయి. దీపాల గుంయిమనే మోత. ఆవిడ ఊపిరి. మధ్యమధ్య చిన్న దగ్గు.

"ఇదేమిటిది?" అన్నాడు స్టాడ్లర్. "ఎవరు కలిపారు దీన్ని?"

వాసన మొదలైంది. ముందు సన్నగా... తర్వాత నోట్లోనే ఉన్నట్టు.

రోవీనా కర్టెన్ వదిలేసింది. గుడ్డ బేసిన్‌లో ముంచింది. పిండకుండానే పైకి తీసింది. నేరుగా నడుచుకుంటూ మా వైపు వచ్చింది. ముఖం తెర నిండా అయింది. అప్పటికీ ఆగలేదు. ఇంకా దగ్గరికొచ్చి, చెయ్యెత్తి, తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.

తెరని... లోపలి నుంచి. కిటికీ అద్దం తుడిచినట్టు.

గుండ్రంగా, ఓపిగ్గా తుడుస్తోంది. తుడిచిన చోటల్లా వంటిల్లు చెరిగిపోతోంది. దాని వెనక ఇంకోటి తేలుతోంది. దీపాల స్టాండ్లు. తీగలు. కెమెరా. కెమెరా వెనక టోపీ పెట్టుకున్న మనిషి, ఫెన్నిమోర్. అతని పక్కన కుర్చీలో ఇంకొకడు. చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నాడు. ముక్కుకి రుమాలు గట్టిగా అదుముకుని, రెండో చేత్తో "కానివ్వు, కానివ్వు" అన్నట్టు సైగ చేస్తున్నాడు.

ఆ రుమాలు వెనక ఉన్నది స్టాడ్లర్.

ముందు వరసలో ఆయన కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. "ఆపు," అన్నాడు. గొంతు సన్నబడిపోయింది. "లోర్నా, ఆపు దాన్ని."

నేను స్విచ్ నొక్కాను. మోటారు ఆగింది. రీళ్లు ఆగాయి. బల్బు ఆరిపోయింది. తెర మీద వెలుగు మాత్రం ఆరలేదు... గుడ్డ గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

స్టాడ్లర్ లేచి తలుపు దగ్గరికి పరిగెత్తాడు. పిడి తిప్పాడు. లాగాడు. భుజంతో తోశాడు. తలుపు కదల్లేదు. ఆయనకి దగ్గు ముంచుకొచ్చింది. జేబులో రుమాలు కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు.

అప్పుడు మెల్లగా, అలసిపోయిన ఆడగొంతు...

"నువ్వు బయటికెళ్లమ్మా."

ఆ మాట నాకే. ఎలా తెలిసిందంటే, నా పక్కన, నా చెవి దగ్గర వినిపించింది.

నేను తలుపు దగ్గరికి వెళ్లి పిడి తిప్పాను. మామూలుగా తెరుచుకుంది. స్టాడ్లర్ చెయ్యి పట్టుకుని లాగాను. నా బలమంతా పెట్టి లాగాను. ఆయన కాళ్లు తివాచీకి అతుక్కున్నట్టు ఒక్క అంగుళం కదల్లేదు. నా వైపు చూశాడు. కళ్లల్లో భయం. కానీ పెదాలు... రెండు పక్కలకీ సాగిపోతున్నాయి. ఎవరో వేళ్లు పెట్టి లాగుతున్నట్టు. పళ్లన్నీ బయటపడేదాకా.

స్పీకర్లోంచి గొంతు వచ్చింది. ఈసారి అది ఆడగొంతు.

"నవ్వు ఆపకు, ఓర్విల్."

ఆయన చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. అరుస్తూ వరండాలోకి పరిగెత్తాను. టైపిస్టులు లేచి నిలబడ్డారు. కాపలావాడు తాళాల గుత్తి పట్టుకుని నా వెనకే వచ్చాడు. మేం వచ్చేసరికి తలుపు లోపల్నుంచి గడియ పడి ఉంది. ఆ తలుపుకి గడియ లేదు. కాపలావాడే ఆ మాటన్నాడు, అని తలుపుని కాలితో తన్నాడు.

గొడ్డలి తెచ్చి పగలగొట్టారు. స్టాడ్లర్ ముందు వరసలో తన కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. కాళ్లు చాపుకుని. నవ్వుతూ. కళ్లు తెల్లగుడ్లదాకా పచ్చబడి ఉన్నాయి. లోపలికి అడుగుపెట్టినవాళ్లందరూ ముక్కులు మూసుకుని వెనక్కొచ్చేశారు.

కంపెనీ డాక్టరు వచ్చాడు. అదే డాక్టరు. శవాన్ని కోసి చూసి బయటికొచ్చినప్పుడు ఆయన ముఖంలో రక్తం లేదు. కాలేయం కుళ్లిపోయి ఉందన్నాడు. స్పార్లీన్ వల్ల అని రాస్తే, రోవీనా గురించి తను రాసిందేమిటని అడిగేవాళ్లుంటారు. కంపెనీ మూతబడుతుంది. ఆయన చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, చివరికి ఏళ్ల తరబడి దొంగచాటుగా తాగినందువల్ల అని రాశాడు.

వారం తిరక్కుండా ఆ మాట ఊరంతా పాకింది. ఆదివారం ఉపన్యాసాలిచ్చినవాడు బీరువాలో సీసాలు దాచుకునేవాడట అని చెప్పుకున్నారు. చూశామన్నవాళ్లు కూడా తయారయ్యారు. స్టాడ్లర్ భార్య చర్చికి రావడం మానేసింది. శవపేటిక వెనక ఎంతమంది నడిచారో నేను చూడలేదు గానీ, మిల్‌బర్న్ నుంచి ఓపల్ వచ్చి రోడ్డుకి అవతలి పక్కన నిలబడిందని విన్నాను.

ఆ తర్వాత ఒక ఉదయం, నేను రాజీనామా ఇవ్వడానికి ఆఫీసుకెళ్లాను. నా బల్ల ఖాళీ చేసే ముందు రీలు డబ్బా తెరిచి, ఫిల్మ్ కొంచెం లాగి, కిటికీ వెలుగుకి పట్టుకుని చూశాను. వంటిల్లుంది. బేసినుంది. కర్టెన్లున్నాయి. ఇంకా లాగాను, చివరిదాకా లాగాను. ఏ బొమ్మలోనూ మనిషి లేదు. కిటికీ రెక్క పైకెత్తి ఉంది. అవతల ఖాళీ పెరడు, ఎండ.

ఫిల్మ్ నా కాళ్ల చుట్టూ చుట్టలు చుట్టలుగా పడి ఉండగానే ఫోన్ మోగింది. డెట్రాయిట్ నుంచి, ఒక పడుచుపిల్ల గొంతు. ఫెన్నిమోర్ గారి సెక్రటరీనంది.

"హాల్‌క్విస్ట్ కంపెనీయేనా అండీ? మీరు పంపించినావిడ గురించి. పొద్దున్నే వచ్చారు, మా సార్‌తో స్టూడియోలోకి వెళ్లారు. తలుపేసుకుని చాలాసేపయింది. ఆయనకి భోజనం వేళ దాటిపోతోంది. తలుపు కొడితే పలకట్లేదు. ఆవిడ ఏం పని మీద వచ్చారో మీకేమైనా తెలుసేమోనని..."

"మేమెవర్నీ పంపలేదమ్మా," అన్నాను. "తలుపు పగలగొట్టించు. ఇప్పుడే. ఎవర్నైనా పిలు."

"అయ్యో, అలా ఎలా అండీ? చాలా మర్యాదస్తురాలు. మీ కంపెనీ కార్డు కూడా ఇచ్చారు నాకు. ఇదిగో, నా చేతిలోనే ఉంది. లోర్నా కెసెల్ అని."

అది నా పేరే. రిసీవర్ని చెవికి గట్టిగా అదుముకున్నాను.

"మేడమ్? లైన్లో ఉన్నారా? ఇంతకీ మీరెవరు మాట్లాడుతున్నారు?"

నా పేరు చెప్పడానికి నోరు తెరిచాను. అవతల తలుపు తెరుచుకున్న చప్పుడైంది. తీరికైన అడుగులు ఫోను దాకా వచ్చాయి. ఒక ఆడమనిషి ఆ పిల్లని నెమ్మదిగా అడగడం వినిపించింది.

"ఫోన్ నాకేనా అమ్మా?"

ఆ గొంతు నాది.